వియ్యంకుడికి ఒక సైజు తక్కువ

అరవై ఎనిమిదేళ్ళ వయసులో నేను నార్త్ కెరొలైనా పడమటి కొండల్లో, నల్ల వజ్రం గుర్తు పెట్టిన వాలు మీంచి, రెండు స్కీల మీద నిలబడి ఒక్క ఊపిరిలో కిందికి దిగాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. స్కీ కొండల మీద ఒక్కో వాలుకి ఒక్కో గుర్తు ఉంటుంది. ఆకుపచ్చ గుండ్రం కొత్తవాళ్ళకి, నీలం చదరం కాస్త చేయి తిరిగినవాళ్ళకి, నల్ల వజ్రం ప్రాణం మీద పెద్దగా తీపి లేనివాళ్ళకి. ఈ సంగతి మా ఊరు క్యారీలో మా ఇంటి గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళకీ చెప్పాను. గుడిలో ప్రసాదం లైన్లో నా ముందున్నవాళ్ళకీ వెనకున్నవాళ్ళకీ చెప్పాను. పళ్ళ డాక్టరు నా నోట్లో రెండు చేతులూ పెట్టి ఉండగా కూడా చెప్పడానికి ప్రయత్నించాను.

ఇందులో కొంత సాగదీత ఉంది. ఒప్పుకుంటాను, కాస్త ఆగండి. ముందు ఆ కొండ ఎందుకు ఎక్కానో చెప్పాలి. మంచు మీద మోజుతో కాదు, మా వియ్యంకుడి మీద పగతో.

మా వియ్యంకుడు, అంటే మా అల్లుడి తండ్రి, టెక్సాస్‌లో కాపెల్‌లో ఉంటారు. వంతెనలు కట్టే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. గొంతు పెంచి మాట్లాడరు. ఎవరింటికి వెళ్ళినా తిన్న ప్లేటు కడిగి పెడతారు. నన్ను 'బావగారూ' అని పిలిచినప్పుడల్లా ఆ పిలుపులో నిజంగానే ప్రేమ ఉంటుంది. ఇలాంటి మనిషి మీద పగ పెట్టుకోవాలంటే రోజూ సాధన చెయ్యాలి. నాకు తీరిక ఉంది. మందుల కంపెనీ ల్యాబులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి బయటికి వచ్చాక తీరిక తప్ప మరేం లేదు.

ఆయన చేసిన నేరం ఏమిటంటే, మా మనవరాలి మొదటి అడుగు నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయారు.

మా అమ్మాయి, అల్లుడు మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండేవాళ్ళు. ఇద్దరివీ ఉద్యోగాలు. పొద్దున ఎనిమిదింటికి పిల్లని కార్ సీటుతో సహా మాకు అప్పగించి, సాయంత్రం ఆరింటికి పట్టుకెళ్ళేవాళ్ళు. డైపర్లు మార్చింది నేను. దాని మలబద్ధకం గురించి డాక్టరుతో వాదించింది నేను. అంత చాకిరీ చేసిన మనిషికి దక్కాల్సిన ఫలం ఒకటుంది. మన ఇళ్ళలో పిల్ల ఎదుగుదలలో ఒక్కో మెట్టుకి ఒక్కో పిండివంట ఉంటుంది కదా. బోర్లా పడిన రోజు బొబ్బట్లు, గడప దాటిన రోజు గారెలు, అడుగులేసిన రోజు అరిసెలు. మా ఇంటి పద్ధతిలో ఇంకో ముక్క కూడా ఉంది. ఆ ఘనకార్యాన్ని మొదట ఎవరు కళ్ళారా చూస్తే, మొదటి వంటకం వాళ్ళ చేతి మీదుగా పంచాలి. మా నాన్నగారు అలాగే చేసేవారు.

బోర్లా పడటం కాపెల్‌లో జరిగింది. రెండంటే రెండే రోజులు చూపించడానికి తీసుకెళ్ళారు, అక్కడే పడింది. పోనీ అనుకున్నాను. ఇక గడప. ఈ దేశపు ఇళ్ళకి గడపలు ఉండవు కనక, వంటింట్లోంచి గరాజ్‌లోకి వెళ్ళే తలుపు కింద ఉన్న చెక్కపట్టీని గడపగా ఖాయం చేసుకున్నాం. థాంక్స్‌గివింగ్‌కి వియ్యంకుడు వచ్చి, గరాజ్‌లో చెప్పులు విప్పుకుంటూ ఉంటే, పిల్ల పాక్కుంటూ సరిగ్గా ఆ పట్టీ దాటి ఆయన కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. గారెలు ఆయన పంచారు. నేను తిన్నాను.

నడక మాత్రం నాది. దాన్ని నేను ఎవరికీ వదలదలుచుకోలేదు. మూడు వారాలపాటు సోఫాకీ కాఫీ టేబుల్‌కీ మధ్య కూర్చుని తాళాలగుత్తి ఆడించాను. పిల్ల నిలబడేది, ఊగేది, నా మొహం చూసి నవ్వి కూలబడేది. "ఇవాళో రేపో, బియ్యం నానబెట్టు" అని మా ఆవిడతో మూడుసార్లు అన్నాను. మూడుసార్లూ ఆ అరిసెల బియ్యం దోసెలయ్యాయి.

"ఏమండీ, పిల్ల నడిస్తే నాకు కబురు పెట్టండి. అప్పటిదాకా నానబొయ్యను" అంది నాలుగోసారి.

ఆ శనివారం వియ్యంకుణ్ణి ఎయిర్‌పోర్ట్ నుంచి నేనే డ్రైవ్ చేసి తీసుకొచ్చాను. ఆయన లోపలికి వెళ్ళారు. నేను ట్రంక్ తెరిచి ఆయన సూట్‌కేస్ దించుతున్నాను. లోపల్నుంచి కేకలు. వెళ్ళేసరికి ఆయన కోటైనా విప్పకుండా కార్పెట్ మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. పిల్ల ఆయన చేతుల్లో ఉంది. నాలుగడుగులట. మా అమ్మాయి లెక్కపెట్టింది.

"బావగారూ! పిల్ల నడిచేస్తోందే! నాకు చెప్పనే లేదు మీరు!" అన్నారాయన.

నా చేతిలో ఇంకా ఆయన సూట్‌కేసే ఉంది.

ఆ సాయంత్రం ఆయన యాభై మందికి ఫోటోతో ఈమెయిల్ పెట్టారు. వాళ్ళలో సగం మంది నా చుట్టాలు. "అన్నయ్యా, పాప మీ వియ్యంకుడి దగ్గరికి నడిచిందటగా" అని మా తమ్ముడు విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి మరీ సంతోషించాడు.

ఆ తర్వాత అయిదేళ్ళూ పగకి ఎరువు వేస్తూనే ఉన్నారాయన. మొదటి పన్ను కాపెల్‌లోనే ఊడింది. దాన్ని ఆయన పాత కెమెరా ఫిల్ము వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుని జేబులో పెట్టుకు తిరిగేవారు. ఎక్కడ కూర్చున్నా తీసి ఆడించేవారు.

"వినండి బావగారూ, ఎంత బుల్లి చప్పుడో!"

నేను వినేవాణ్ణి. నవ్వేవాణ్ణి కూడా.

పిల్లకి ఆరేళ్ళు వచ్చాక ఆ చలికాలం అల్లుడు, "అందరం కలిసి స్కీయింగ్‌కి వెళ్దాం, అమ్మానాన్నలు కూడా వస్తామన్నారు" అన్నాడు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పిల్ల మంచు మీద మొదటిసారి జారుతుంది. అది ఎవరో ఒకరు చూడాలి. ఆ ఒకరు ఎవరో ఆ క్షణంలోనే నిశ్చయించేసుకున్నాను. అంతటితో ఆగలేదు. ఆ మొదటి జారుడు చూడకుండా పోయే ఒకరు ఎవరో కూడా నిశ్చయించుకున్నాను.

"నేను నేర్పిస్తాను దానికి. మిషిగన్‌లో చదువుకునే రోజుల్లో రెండు చలికాలాలు స్కీయింగ్ చేశాను" అన్నాను.

"నిజమా మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"మెట్ల దగ్గర ఫోటో చూళ్ళేదూ?" అన్నాను.

ఫోటో ఉన్న మాట నిజం. స్కీలు పట్టుకుని, మెడకి మఫ్లర్ చుట్టుకుని, గడ్డం ఎత్తి నిలబడి ఉంటాను. ఇప్పుడు ఒప్పుకోవలసింది ఏమిటంటే, ఆ స్కీలు నా రూమ్మేటువి. నేను వెళ్ళింది ఒకే ఒక్కసారి, రోజంతా లోపల చలిమంట దగ్గర కూర్చుని కాఫీ తాగాను. ఫోటో తీసేదాకా బయటికి రాలేదు.

మన పెద్దవాళ్ళు మంచు మీద జారడానికి పిండివంట ఏదీ పెట్టలేదు. మా ఆవిడే ఆ లోటు తీర్చింది. "జారితే జంతికలు, సరేనా?" అని ఒక డబ్బా చేసి పెట్టుకుంది. రైస్ కుక్కర్, పులిహోర, గోంగూర పచ్చడి, రెండు డజన్ల ఉన్ని సాక్సులతో మేం ఏడుగురం ఒక పెద్ద వ్యానులో పడమటికి బయల్దేరాం. వెనక సీట్లో వియ్యంకుడు, ఆయన పక్కన మనవరాలు. అది నన్ను క్యారీ తాత అనీ ఆయన్ని కాపెల్ తాత అనీ పిలిచేది.

"ఇందులో ఏముంది?" డబ్బా చప్పుడు.

"నా టూత్!"

"ఫస్ట్ ఎవరు చూశారు?"

"కాపెల్ తాత!"

నాలుగు గంటల ప్రయాణం. ఇది ఎన్నిసార్లు జరిగిందో చెప్పను.

మర్నాడు పొద్దున స్కీలు అద్దెకిచ్చే చోటికి వెళ్ళాం. అక్కడ మనిషికో ఫారం ఇస్తారు. ఎత్తు, బరువు, వయసు, కాలి సైజు, స్కీయింగ్ ఎంత వచ్చు అన్నదానికి ఒకటి, రెండు, మూడు అనే అంకెలు; మూడంటే ఆరితేరినవాడని. పిల్లకీ అల్లుడికీ ముందే అయిపోయింది. "మేం బయట ఉంటాం" అని అల్లుడు పిల్లని తీసుకుని వెళ్ళాడు. మా ఆవిడా వియ్యపురాలూ మంచు మీదికి రామని ముందే తేల్చి చెప్పి, ఉన్ని శాలువాల్లో చుట్టుకుని కాఫీ వైపు నడిచారు. మా అమ్మాయి వీడియో కెమెరాకి బ్యాటరీ పెడుతోంది.

"బావగారూ, కళ్ళజోడు వ్యానులో మర్చిపోయాను. కాస్త నాది కూడా మీరే రాసి పెడతారా?" అన్నారు వియ్యంకుడు.

అయిదేళ్ళు ఎదురుచూసిన మనిషికి దేవుడు ఇలాగే దొరుకుతాడు.

"కాలి సైజు ఎంత బావగారూ?"

"తొమ్మిది."

ఎనిమిది అని రాశాను.

బూట్లు వచ్చాయి. స్కీ బూటంటే మామూలు బూటు కాదు, సిమెంటు తొట్టిలాంటిది, ముందు నాలుగు బకిల్స్ ఉంటాయి. ఆయన బెంచీ మీద కూర్చుని కాలు లోపలికి తోశారు. మొహం ఎర్రబడింది.

"బాగా బిగుతుగా ఉన్నాయేమో బావగారూ."

"బిగుతుగానే ఉండాలి. వదులైతే మడమ విరుగుతుంది. మిషిగన్‌లో మాకు ముందు నేర్పేది అదే" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? "సాక్సులు ఎన్ని వేసుకున్నారు? ఒకటేనా? అయ్యో, గడ్డకట్టుకుపోతారు" అని ఇంకో రెండు జతలు తొడిగించాను. నేలమీద మోకాళ్ళూని కూర్చుని, స్వయంగా నా చేతులతో ఒక్కో బకిలూ లాగి బిగించాను. పావుగంట పట్టింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీకెందుకండీ ఇంత శ్రమ" అన్నారు.

నా జీవితంలో అంత తృప్తిగా ఏ పనీ చెయ్యలేదు. ఆయన పదడుగులు వెయ్యలేరు, లోపలే కూలబడతారు. నేను చిన్న వాలు దగ్గర పిల్ల ముందు నిలబడి చేతులు చాపుతాను. జంతికలు నా చేతి మీదుగా పంచుతాను. యాభై మందికి ఈమెయిల్ నేను పెడతాను. ఆయన చుట్టాలందరికీ పెడతాను.

ఒక్క పొరపాటు చేశాను. నా ఫారంలో 'స్కీయింగ్ ఎంత వచ్చు' అన్న చోట అలవాటు కొద్దీ మూడు అని రాశాను. కౌంటరు వెనక ఉన్న కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి నాకంటే పొడుగున్న స్కీలు తెచ్చి ఇచ్చాడు. బయటికి వెళ్ళేసరికి అల్లుడు అవి చూశాడు.

"త్రీ పెట్టారా మామయ్యగారూ! అయితే ఒక రౌండ్ పైకి వెళ్దాం పదండి."

"పిల్లకి నేర్పాలి కదా."

"దాని క్లాస్ పదకొండుకి. ఇంకా అరగంట ఉంది, ఈలోపు వచ్చేస్తాం."

"వెళ్ళండి నాన్నా, నేను చూస్తాను దాన్ని" అంది మా అమ్మాయి. కెమెరా నా వైపు తిప్పింది.

కెమెరా ముందు రానని చెప్పే ధైర్యం నాకు లేదు.

చెయిర్‌లిఫ్ట్ అంటే తీగ మీద వేలాడే బెంచీ. వెనకనుంచి వచ్చి మోకాళ్ళ కింద తన్ని ఎత్తుకుపోతుంది. పైన ఆగదు. అది కదులుతుండగానే దిగి పక్కకి జారిపోవాలి. అల్లుడు జారిపోయాడు. నేను దిగాను, అంటే బోర్లా పడ్డాను. మొత్తం లిఫ్ట్ ఆపేశారు. కొండ పొడుగునా బెంచీల్లో వేలాడుతున్న జనం వంగి నన్ను చూశారు.

అల్లుడు నన్ను లేపి, నా మొహం చూసి ఏదో అర్థం చేసుకున్నాడు. "మెల్లగా వెళ్దాం. ఇది గ్రీనే" అన్నాడు. అవును, ఆకుపచ్చ గుండ్రమే. నల్ల వజ్రం ఆ పక్క బోర్డు మీద ఉంది. నేను దాని పక్కనుంచి దిగాను. దిగడం కూడా నిలబడి కాదు. మూడు గజాలు నిలబడ్డాను. తర్వాత స్కీలు విప్పి అల్లుడి భుజం మీద పెట్టి, కూర్చుని, కాళ్ళు ముందుకి చాపి జరుగుతూ దిగాను. ఒక్క ఊపిరి అన్నాను గదా, ముప్పావు గంట పట్టింది. అయిదేళ్ళ పిల్లలు నా పక్కనుంచి రివ్వున పోతూ "ఆర్ యు ఓకే సర్?" అని అడిగారు.

సగం దిగేసరికి కింద చిన్న వాలు కనిపించింది. గులాబీ రంగు జాకెట్ వేసుకున్న చుక్క ఒకటి దాని నెత్తిన నిలబడి ఉంది. మా పిల్లే.

"ఆగు! ఆగవే!" అని అరిచాను. ఆ దూరం నుంచి ఎవరికి వినిపిస్తుంది?

చుక్క కదిలింది. ఊగింది, పడలేదు. నేరుగా కిందికి జారిపోతోంది. అడుగున, మంచులో, ఒక మనిషి ఉత్త సాక్సులతో నిలబడి రెండు చేతులూ చాపి ఉన్నాడు. మూడు జతల సాక్సులు. ఆ బూట్ల నొప్పి భరించలేక విప్పి పారేసి, పైకి ఎక్కడికీ వెళ్ళలేక, కాఫీ దొరికే లాడ్జి ముందు బెంచీ మీద కూర్చున్న మా వియ్యంకుడు, పిల్ల కదలడం చూసి పరిగెత్తుకొచ్చారట. పిల్ల వెళ్ళి ఆయన్ని గుద్దుకుంది. ఇద్దరూ మంచులో దొర్లారు. మా అమ్మాయి మొత్తం వీడియో తీసింది.

నేను కొండ మధ్యలో కూర్చుని ఉన్నాను.

కిందికి చేరేసరికి జంతికల డబ్బా మూత తీసి ఉంది. మొదటిది ఆయనే నాకు ఇచ్చారు.

"మిస్సయ్యారు బావగారూ, ఎంత బాగా వచ్చిందనుకున్నారు! అయినా అంతా మీ చలవే. మీరు ఆ బూట్లు అంత గట్టిగా బిగించకపోతే నేను కూడా ఎక్కడో పైన ఉండేవాణ్ణి."

వెటకారమేమోనని ఆయన మొహం వెతికాను. వెటకారం లేదు. అదే నన్ను కాల్చేసింది.

ఆ సాయంత్రం క్యాబిన్‌లో ఆయన కాళ్ళు వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చున్నారు. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లగా కమిలిపోయాయి. ఇక్కడ నాకు పశ్చాత్తాపం కలిగిందని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది. కలగలేదు. ఆ గోళ్ళని తనివితీరా చూశాను. మంచినీళ్ళ వంకతో రెండోసారి కూడా వెళ్ళి చూశాను. మా ఆవిడ నన్ను చూసింది. ఆ బూట్లని చూసింది. బూటు మడమ మీద రాసి ఉన్న అంకె కూడా చూసిందనుకుంటాను.

"అన్నయ్యగారూ, మీ సైజు ఎంత?" అని అడిగింది.

"తొమ్మిదండీ."

ఆవిడ నా వైపు తిరిగి, ఇంకో బకెట్ వేడినీళ్ళు తెచ్చి పొయ్యమని నాకు చేతిసైగ చేసింది. తెచ్చి పోశాను.

రెండు నెలల తర్వాత కాపెల్ నుంచి ఫోన్ వచ్చింది. "బావగారూ, కుడికాలి గోరు ఊడిందండీ!" అన్నారు, అదేదో శుభవార్త అన్నట్టు.

"ఆ పన్ను డబ్బాలోనే వేసుకోండి" అన్నాను.

ఆయన పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. నేను నిజంగానే అన్నాను.

అప్పటినుంచి నల్ల వజ్రం కథ ప్రచారం మొదలుపెట్టాను. ఆయన దగ్గర వీడియో ఉంటే నా దగ్గర నోరు ఉంది. ఆ మొదటి జారుడు ఆయన చూశారు, సరే. కానీ దాన్ని మించిన కథ ఒకటి ఆ రోజున జరిగిందని అందరూ అనుకోవాలి. అదీ ఇంతకాలం నా పగ. ఎవరూ పెద్దగా నమ్మలేదని కూడా తెలుసు.

ఇప్పుడు మనవరాలికి పన్నెండు నిండాయి. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. అందుకని మొన్న ఆదివారం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా పైకి చదివాను. సైజు మార్చిన సంగతి దగ్గర గొంతు కొంచెం తగ్గించాను. నవ్వుతుందనుకున్నాను. అది ఫోన్ పక్కన పెట్టి, కాళ్ళు పైకి ముడుచుకుని, చివరిదాకా విని, "రాంగ్" అంది.

"ఏది? నల్ల వజ్రమా? అది ఒప్పుకున్నానుగా."

"అది కాదు తాతా. కాపెల్ తాత చూసింది ఫస్ట్ టైమ్ కాదు, సెకండ్ టైమ్. నువ్వు లోపల ఆ తాతకి షూస్ టైట్ చేస్తున్నావ్ కదా, అప్పుడు నేను బయట విండో దగ్గర చిన్న హిల్ ఉంటే స్లైడ్ అయ్యాను, నాన్న పార్కింగ్ టికెట్ పెట్టడానికి వ్యాన్‌కి వెళ్ళాడు, ఎవరూ లేరు. పడలేదు కూడా. నువ్వు గ్లాస్‌కి ఇంత దగ్గర్లో ఉన్నావ్. నీకు చూపిద్దామని గ్లాస్ మీద కొట్టాను, రెండుసార్లు. నువ్వు తల ఎత్తలేదు."